జనసంఖ్య - గణనయంత్రము

పసుపు పండించు రైతునకు లెక్క తెలియదనుట పొరపాటు. పండిన కొమ్ములలో విత్తనమునకెంత ఉంచవలెనో, సంతకెంత పంపవలెనో ఆర్మూరు, ఆలూరు ప్రాంతముల కాపు ఏటేట నిర్ణయించుకొనుచునే యున్నాడు. జనసంఖ్యను గూర్చి కంప్యూటరు చేయు గణన గూడ ఇట్టిదియే. నిరుటి జనమునకు జననములను కలిపి, మరణములను తీసివైచి, వచ్చిన మొత్తమును మరుసటి యేటికి మూలముగా గొనవలెను. అందు వేరు మర్మము లేదు.

నిజామాబాదు జిల్లా జనసంఖ్య 2001లో 23,45,685, 2011లో 25,51,335. పదేండ్ల వృద్ధి నూటికి 8.77. ఈ వేగమే నిలిచినచో జనము రెట్టింపగుటకు సుమారు 82 ఏండ్లు పట్టునని యంత్రము క్షణములో చెప్పును.

కాని ఆ వేగము నిలుచునా? జనము చక్రవడ్డీవలె పెరుగునని 1798లో మాల్థసు పండితుడు హెచ్చరించెను. హద్దు సమీపించుకొలది వృద్ధి మందగించునని 1838లో బెల్జియము దేశీయుడగు వెర్హుల్స్టు సమీకరణము వ్రాసెను. మన యొద్ద వృద్ధిని మందగింపజేసినది కరవు కాదు, కుటుంబముల నిర్ణయము. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున స్త్రీ కొకతెకు సగటు సంతానము 1.8. ఒక తరము స్థానమును మరియొక తరము నింపుటకు 2.1 వలయును. అయినను జనము వెంటనే తగ్గదు. వెనుక పుట్టిన యువతులు అధికముగా నున్నంతకాలము జననములు మరణములను మించుచుండును. వయోవర్గములను వేరుచేసి లెక్కించు నమూనాయే ఈ సంగతి చూపగలదు.

ఇక వలస. 2011లో ఈ జిల్లాయందు వేయిమంది పురుషులకు 1040 మంది స్త్రీలుండిరి. గల్ఫు దేశములకు పోయిన పురుషులను మరచిన నమూనా ఈ జిల్లాకు పనికిరాదు.

ఇది పండితుల వినోదము కాదు. లోక్‌సభలో రాష్ట్రముల స్థానముల పంపకమునకు 1971 జనగణనమే ఆధారమయ్యెను. 2026 తరువాతి తొలి జనగణనమువరకు ఆ సంఖ్యలను కదల్పరాదని 2001 నాటి 84వ రాజ్యాంగ సవరణ శాసించెను. కుటుంబమును పరిమితము చేసికొనుట దక్షిణ రాష్ట్రములకు శిక్షగా పరిణమింపరాదు. 2021లో జరుగవలసిన జనగణనము జరుగకపోవుటచే అంచనాలకే ప్రాధాన్యము హెచ్చినది.

యంత్రము జోస్యము చెప్పదు. మన మిచ్చిన ఊహకు ఫలితమును మాత్రము చెప్పును. కావున ఎవ్వరైన రేపటి జనసంఖ్యను చూపి మన భాగము తగ్గింప వచ్చినపుడు, "ఏ ఊహపై ఈ లెక్క?" అని ముందు ప్రశ్నింపవలెను. విత్తనము నెరుగక పంటను నమ్ము రైతు మన సీమలో లేడు.