అటక మీద దొరికిన రైఫిల్‌ని స్పోర్టర్ చేసేద్దామన్నాడు మా తమ్ముడు!

ఈరోజు టాపిక్ కొంచెం తేడాగా ఉంటుంది. పాత మిలిటరీ తుపాకుల్ని ఇంట్లోనే వేట రైఫిళ్లుగా మార్చే అమెరికా వీడియోలు మీకూ కనపడే ఉంటాయి. ఒకటి చూస్తే చాలు, వరసగా అవే వస్తాయి. నేను దీని గురించి ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఆ వీడియోల వల్ల మా ఇంట్లో ఒకడు జైలుకెళ్లేవాడు.

రాజోలు దగ్గర మా తాతగారి పాత ఇల్లు బాగు చేయిస్తుంటే అటక మీద గోనెపట్టాలో చుట్టిన రైఫిల్ దొరికింది. కొబ్బరి తోటల కాపలాకని తాతగారు ఎప్పుడో లైసెన్స్ తీసుకున్నారు. ట్రంకుపెట్టెలో ఆ లైసెన్స్ పుస్తకం కూడా ఉంది, గడువు ఎప్పుడో అయిపోయింది. మా బాబాయి కొడుకు ఐటీఐ ఫిట్టరు. చూడగానే "అన్నయ్యా, లేత్ మిషను మనదే, బ్యారెల్ కాస్త తగ్గించి, కొత్త చెక్క వేసి స్పోర్టర్ చేసేద్దాం" అన్నాడు. వాడి కళ్లల్లో ఆ మెరుపు చూస్తే నాకు భయమేసింది.

అసలు స్పోర్టర్ అంటే ఏంటి? తుపాకీలో బోల్టు, దాన్ని పట్టి ఉంచే ఇనుప బాడీ, ఈ భాగాన్ని యాక్షన్ అంటారు. యుద్ధాలయ్యాక సైన్యాలు లక్షల కొద్దీ పాత రైఫిళ్లని చవగ్గా అమ్మేశాయి. జర్మన్ మౌజర్, అమెరికన్ స్ప్రింగ్‌ఫీల్డ్, బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్ లాంటివి. అమెరికా వాళ్లు ఆ యాక్షన్ ఉంచుకుని, బరువైన మిలిటరీ చెక్క తీసేసి, తేలికైన వేట రైఫిల్ చేసుకునేవారు. అక్కడ పోస్టులో ఆర్డర్ పెడితే రైఫిల్ ఇంటికొచ్చేసే రోజులవి. 1963లో కెన్నెడీ హత్యకి వాడింది కూడా అలా పోస్టులో వచ్చిన పాత ఇటలీ మిలిటరీ రైఫిలే. 1968లో చట్టం తెచ్చి ఆ పద్ధతి ఆపేశారు. ఇంకో తమాషా ఏంటంటే, అప్పట్లో కోసి పారేసిన ఆ ఒరిజినల్ రైఫిళ్లకే ఇప్పుడు ఎక్కువ రేటు. మార్చినవాటిని కలెక్టర్లు పెద్దగా పట్టించుకోరు.

మరి మన దగ్గర? సైన్యం వాడే బోరు జనం చేతిలో ఉండకూడదనేది బ్రిటిష్ వాళ్ల లెక్క. అందుకే త్రీ నాట్ త్రీ మామూలు జనానికి నిషిద్ధం. ఇప్పటికీ అది ప్రొహిబిటెడ్ బోరే. దానికి బదులు పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ యాక్షన్ మీదే .315 బోరు స్పోర్టింగ్ రైఫిల్ తయారుచేసింది. తూటా వేరు, యాక్షన్ మాత్రం అదే. మా తాతగారిది సరిగ్గా అదే రైఫిల్! మా వాడితో అన్నాను, "ఒరే, నువ్వు చెయ్యాలనుకున్నది ఫ్యాక్టరీ వాళ్లు ఎప్పుడో చేసేశార్రా" అని.

సరే, ఇంట్లో చేస్తే తప్పేంటి? రెండు విషయాలు చెప్తాను.

ఒకటి, ఇనుము. తూటా పేలినప్పుడు ఆ ఒత్తిడంతా మన మొహానికి కొన్ని అంగుళాల దూరంలో ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ అంటే అమెరికా ప్రభుత్వ ఫ్యాక్టరీ. అక్కడే తొలి 8 లక్షల రైఫిళ్లకి ఇనుము కాలిన రంగుని కంటితో చూసి వేడి అంచనా వేసేవారు. ఎండ రోజు ఒకలా, మబ్బు రోజు ఒకలా కనపడేది. దాంతో కొన్ని పెళుసుబారి, పేల్చినప్పుడు పగిలిపోయాయి. అంత పెద్ద ఫ్యాక్టరీకే అలా అయితే, మన షెడ్డులో పాత ఇనుము లోపల ఏముందో ఎవరికి తెలుసు?

రెండు, చట్టం. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ తయారుచేసినా, మార్చినా, బ్యారెల్ పొడవు తగ్గించినా నేరమే. 2019 సవరణ తర్వాత తయారీకి కనీసం 7 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. "సరదాకి చేశానండి" అంటే కుదరదు. పోనీ వేటకా అంటే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అదీ కుదరదు.

మరి మీ అటక మీదో, పెట్టెలోనో ఇలాంటిది దొరికితే? కదపొద్దు, లోపల తూటా ఉండొచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఫొటో తీసి స్టేటస్ అస్సలు పెట్టకండి. ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి విషయం చెప్పండి, వాళ్లు చెప్పినట్టు చెయ్యండి. లైసెన్స్ ఉన్న మనిషి చనిపోతే, ఆలస్యం చెయ్యకుండా తుపాకీని పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలరు దగ్గరో డిపాజిట్ చెయ్యాలి. రసీదు అడిగి తీసుకోండి. కావాలనుకుంటే వారసులు తమ పేరున లైసెన్స్‌కి అప్లై చేసుకోవచ్చు, 2016 ఆయుధ నిబంధనల్లో ఆ దారి ఉంది.

మేమూ అదే చేశాం. స్టేషన్‌కి వెళ్లేటప్పుడు భయమేసింది, ఇన్నాళ్లూ ఎందుకివ్వలేదని గట్టిగానే అడిగారు. పాత పుస్తకం, తాతగారి మరణ ధృవీకరణ పత్రం చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాం. రాసుకుని, రసీదిచ్చారు. మా తమ్ముడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత అదే లేత్ మీద పడవ ఇంజనుకి షాఫ్టు తిప్పి, నాకే ఫొటో పంపాడు. ఆయ్, వాడి చేతిలో పనుంది మరి!

మీ ఇళ్లల్లో ఇలాంటి పాత తుపాకీ ఏదైనా ఉంటే ఈరోజే పెద్దవాళ్లని కూర్చోబెట్టి అడగండి. ఉంటానండి మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.