చిన్న చిప్పు... పెద్ద తిప్పలు!

చూడ్డానికి కందిపప్పు బద్దంత ఉంటుంది. ఉన్నవి ఎనిమిదే కాళ్లు. కానీ అది మొరాయించిందంటే వేలు పోసి కొన్న కంప్యూటర్ ఉలకదు పలకదు. పోనీ మనమే మార్చేద్దామని సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నామా... అసలు తిప్పలు అప్పుడే మొదలవుతాయి!

ఓ ఆదివారం పొద్దున్నే అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం కుర్రాడు.

‘మావయ్యా, చిప్పు ఊడొచ్చేసింది. దాంతోపాటు ఇంకేదో కూడా ఊడొచ్చింది!’

విషయం ఏమిటంటే, ముందురోజు వాడు ఇంట్లో కంప్యూటర్‌కి బయోస్ అప్‌డేట్ చేస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. ఆ తర్వాత ఫ్యాన్లు తిరుగుతున్నాయి తప్ప తెరమీద ఏమీ రాదు. అక్క ఇంట్లోనే డీటీపీ పని చేస్తుంది. ఓ పెళ్లి శుభలేఖ మర్నాటికల్లా ఇవ్వాలి. అమ్మ కంగారు చూసి వీడు రాత్రికి రాత్రే డాక్టర్ అవతారం ఎత్తాడన్నమాట.

ఏమిటీ చిప్పు?

మనం మీట నొక్కగానే కంప్యూటర్‌ని నిద్రలేపేది ఈ చిప్పులో ఉండే ఫర్మ్‌వేరే. మెమరీ ఉందా, డిస్కు ఉందా అని చూసి, అన్నీ సవ్యంగా ఉంటే విండోస్‌కో లినక్స్‌కో పగ్గాలు అప్పగిస్తుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో దాని పేరు బయోస్. ఇప్పుడు యూఈఎఫ్ఐ వచ్చినా జనం నోట పాత పేరే నిలిచిపోయింది.

1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ఎన్నో దేశాల్లో ఈ చిప్పుల్లోని రాతను చెరిపేసింది. అప్పట్లో చాలా బోర్డుల్లో చిప్పు ఓ సాకెట్‌లో కూర్చుని ఉండేది. లాగి, కొత్తది గుచ్చితే సరిపోయేది. ఇప్పుడు చాలా బోర్డుల మీద దాన్ని నేరుగా టంకం పెట్టి అతికించేస్తున్నారు. అందుకే ఇంత అవస్థ.

పట్టకారుతో లాగితే...

బోర్డు పట్టుకుని విజయవాడలో మదర్‌బోర్డులు బాగుచేసే ఓ చిన్న దుకాణానికి వెళ్లాం. ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న పెద్దాయన భూతద్దం కింద పెట్టి చూసి నవ్వారు. ‘నాలుగో కాలు దగ్గర లాగావు కదూ బాబూ?’ అన్నారు. మావాడు తెల్లబోయాడు.

ఆ నాలుగో కాలు గ్రౌండు. బోర్డు లోపల వెడల్పాటి రాగి పొరకు కలిసి ఉంటుంది. మనం పెట్టిన వేడినంతా ఆ రాగి లాగేసుకుంటుంది. మిగతా ఏడు కాళ్ల దగ్గర టంకం కరిగినా అక్కడ కరగదు. కరిగిందనుకుని పట్టకారుతో ఎత్తితే కాలితోపాటు దాని కింది రాగి ప్యాడ్ కూడా లేచి వచ్చేస్తుంది.

దీనికి తోడు ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా సీసం లేని టంకమే. పాతకాలపు సీసం టంకం 183 డిగ్రీలకే కరిగేది. దీనికి 217 డిగ్రీలు దాటాలి. అందుకే పనివాళ్లు ముందు ఫ్లక్స్ రాసి, కాళ్లన్నింటికీ కాస్త సీసం టంకం కలుపుతారు. రెండూ కలిస్తే తక్కువ వేడికే కరుగుతాయి. ఆపైన వేడిగాలి పెడితే చిప్పు తనంతట తానే కదులుతుంది. ‘అది రావాలి సార్, మనం లాగకూడదు’ అన్నారాయన.

ఇవీ పొరపాట్లే...

ఆయన దగ్గరికొచ్చే బోర్డుల్లో కనిపించే తప్పులు ఇంకా ఉన్నాయి.

తలకిందులు: చిప్పు మీద చిన్న చుక్క ఉన్న మూల ఒకటో కాలు. బోర్డు మీది గుర్తుకు అది సరిపోవాలి. తిప్పి అతికిస్తే కరెంటు రావాల్సిన కాలు, గ్రౌండు తారుమారై చిప్పు కాలిపోవచ్చు.

వోల్టేజీ: చూడ్డానికి ఒకేలా ఉన్నా కొన్ని చిప్పులు 3.3 వోల్టులవి, కొన్ని 1.8 వోల్టులవి. పైనున్న నంబరు చూడకుండా కొంటే అంతే సంగతులు.

ఖాళీ చిప్పు: కొత్త చిప్పులో ఏమీ ఉండదు. ప్రోగ్రామర్‌తో ఫర్మ్‌వేర్ రాశాకే అతికించాలి. అంతకన్నా ముందు పాత చిప్పులోది కాపీ చేసుకోవాలి. బోర్డు సీరియల్ నంబరు, నెట్‌వర్క్ చిరునామా, కొన్నింట్లో విండోస్ లైసెన్సు కూడా అందులోనే ఉంటాయి.

టంకం వంతెనలు: కాలికీ కాలికీ మధ్య దూరం 1.27 మిల్లీమీటర్లే. టంకం ఎక్కువైతే రెండూ కలిసిపోతాయి. తక్కువైతే అతికినట్టే ఉండి అతకదు. భూతద్దంతో, మల్టీమీటర్‌తో చూశాకే కరెంటు ఇవ్వాలి.

యాసిడ్ పేస్ట్: రేకుల పనికి వాడేది బోర్డు మీద పూస్తే రాగిని మెల్లగా తినేస్తుంది.

ఇక ప్లగ్గు పీకి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ తీశాకే ఏ పనైనా మొదలుపెట్టాలి.

చిప్పు బాగానే ఉంది!

ఆయన పాత చిప్పును ప్రోగ్రామర్‌లో పెట్టారు. లక్షణంగా పలికింది! చెడింది అందులోని రాత మాత్రమే. కరెంటు పోవడంతో సగంలో ఆగిపోయిందంతే. దాన్నే సరిచేసి, తిరిగి అదే చిప్పును అతికించారు. ఊడిన ప్యాడ్ గ్రౌండుది కాబట్టి, పక్కనే మరో గ్రౌండు నుంచి వెంట్రుకంత రాగి తీగ లాగారు. ‘అదృష్టవంతుడివి. వేరే కాలైతే దారి వెతకడానికే పూట పట్టేది’ అన్నారు.

నిజానికి మావాడు ఐరన్ ముట్టుకోవాల్సిన పనే లేదు. కొన్ని బోర్డుల్లో పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కితే బయోస్‌ని తిరిగి రాసుకునే ఏర్పాటుంది. కొన్నింట్లో రెండో బయోస్ చిప్పు ఉంటుంది. అవేవీ లేకపోయినా చాలా బోర్డుల్లో చిప్పును ఊడదీయకుండానే క్లిప్పు తగిలించి రాయొచ్చు. టంకం జోలికి వెళ్లేది ఇవన్నీ అయ్యాకే.

మరి అక్క శుభలేఖ? అదెక్కడికీ పోలేదు. ఉన్నది హార్డ్‌డిస్కులో. బయోస్ చెడితే డిస్కులోని ఫైళ్లకేమీ కాదు. డిస్కు తీసి పక్కింటి కంప్యూటర్‌కి తగిలించినా ఆ రాత్రే పని పూర్తయ్యేది. డిస్కుకు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే మాత్రం రికవరీ కీ కావాలి. దాన్ని ముందే ఓ కాగితం మీద రాసి దాచుకోవడం మంచిది.

సాయంత్రానికి తెర వెలిగింది. అక్క శుభలేఖ పనిలో పడింది. మావాడు మాత్రం ఆ చిన్న చిప్పునే చూస్తూ కూర్చున్నాడు.

‘మళ్లీ చేస్తావేంట్రా?’ అన్నాను.

‘చేస్తాను మావయ్యా. కాకపోతే ముందు పాడైన బోర్డుల మీద నేర్చుకుని!’