హో నదిలో స్టీల్‌హెడ్ వేట

హో నది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒలింపస్ పర్వతపు హిమానీనదాలలో పుట్టి, దట్టమైన వర్షారణ్యం గుండా ప్రవహించి పసిఫిక్ మహాసముద్రంలో కలుస్తుంది. ఈ అరణ్యంలో ఏటా సుమారు 3,500 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. శీతాకాలంలో ఇక్కడ స్టీల్‌హెడ్ చేపలను గాలంతో పడతారు.

స్టీల్‌హెడ్ వేరే జాతి కాదు, సముద్రానికి పోయి తిరిగి వచ్చే రెయిన్‌బో ట్రౌట్ చేపయే. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టిన తరువాత చనిపోతాయి. స్టీల్‌హెడ్‌లలో కొన్ని మాత్రం బ్రతికి, మరల గుడ్లు పెట్టడానికి వస్తాయి. పట్టిన చేపను ప్రాణంతో వదలడానికి ఇక్కడ అంత ప్రాధాన్యం ఉండటానికి ఇదొక కారణం.

ఫ్లై ఫిషింగ్‌లో సహజమైన ఎర వాడరు. కొక్కేనికి ఈకలు, దారాలు చుట్టి చేసిన కృత్రిమ ఈగను విసురుతారు. ఈగ చాలా తేలిక కనుక దానిని దూరం మోసుకుపోయేది గాలపు తాడు బరువే. గట్టున చెట్లు అడ్డుగా ఉన్నచోట తాడును వెనుకకు బారుగా విసరలేరు. అటువంటి చోట రెండు చేతులతో పట్టే పొడవైన కర్రతో, స్కాట్లండ్‌లోని స్పే నది పేరిట ప్రసిద్ధమైన పద్ధతిలో విసురుతారు. మార్గదర్శకుడు నీటి మట్టాన్ని, రంగును చూసి, తెడ్లతో పడవ నడుపుతూ అనువైన చోటికి చేరుస్తాడు.

2016లో రాష్ట్రం ఈ ప్రాంతపు నదులలో సహజంగా పెరిగిన స్టీల్‌హెడ్‌లను ఉంచుకోవడాన్ని నిషేధించింది. చేపలు మరీ తగ్గడంతో 2020-21 శీతాకాలంలో పడవలో ఉండి గాలం వేయడాన్ని కూడా నిషేధించింది. పడవలే ఆధారంగా బ్రతికే మార్గదర్శకులకు ఇది పెద్ద దెబ్బ. ఇక నది ముఖద్వారం వద్ద నివసించే హో తెగ హక్కు వేరు: 1974 నాటి బోల్ట్ తీర్పు ప్రకారం, పట్టదగిన చేపలలో సగం ఒప్పందం ఉన్న తెగలకు చెందుతుంది.