ఊరి మట్టితో ఊరి బడి

వేసవి మధ్యాహ్నమున రేకుల కప్పు క్రింద ఒక గడియ కూర్చున్నవారికి ఆ వేడిమిని గురించి మరియొకరు చెప్పనక్కరలేదు. పైనున్న రేకు ఎండలో కాగి, ఆ సెగను క్రిందికి దింపును. కిటికీలు చిన్నవైనచో లోని గాలి కదలదు. అటువంటి గదిలో పాఠము వినవలసిన పిల్లవాని చూపు నల్లబల్ల మీద కంటె బయటి చెట్టునీడ మీదనే నిలుచును. చిన్ననాట ఈ బాధను అనుభవించిన ఒక బాలుడు పెద్దవాడై, ఇంకను వాస్తుశిల్ప విద్యార్థిగా ఉన్న కాలముననే, తన ఊరికి చల్లని బడి నొకదానిని కట్టించినాడు. ఆ బడి కథను, దాని నిర్మాణములోని ఉపాయములను ఈ ప్రసంగములో శ్రోతలకు వివరింపదలచినాము.

ఆ ఊరి పేరు గాండో. అది పశ్చిమ ఆఫ్రికాలో, సముద్రతీరము లేని బుర్కినా ఫాసో దేశములో, రాజధాని యైన ఊగడూగూ నగరమునకు ఆగ్నేయముగా రమారమి 200 కిలోమీటర్ల దూరమున ఉన్నది. 1960లో ఫ్రాన్సు పాలన నుండి స్వాతంత్ర్యము పొందిన ఆ దేశమును 1984 వరకు అప్పర్ వోల్టా అని పిలిచెడివారు. అక్కడ ఏటికి కొద్ది నెలలు మాత్రమే వానలు కురియును. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. డియేబెడో ఫ్రాన్సిస్ కేరే 1965లో ఆ ఊరి పెద్దకు కుమారుడుగా జన్మించినాడు. ఊరిలో బడి లేదు. ఏడవ ఏట అతనిని టెంకొడోగో అను పట్టణమునకు చదువుకు పంపినారు. గాండో నుండి బడికి పోయిన మొదటి బాలుడు అతడే. అక్కడి తరగతి గది ఇరుకైనది, గాలి యాడనిది.

సెలవులు ముగిసి తిరిగి పట్టణమునకు పోవునప్పుడు ఆ బాలుడు ఊరివారి యొద్ద సెలవు తీసికొనెడివాడు. అప్పుడు ఊరిలోని స్త్రీలు తమ బట్టలలో దాచుకొన్న చివరి నాణెమును తీసి అతని చేతిలో పెట్టెడివారట. వీరందరు నాకెందుకు ఇచ్చుచున్నారని తల్లిని అడుగగా, వారు నీ చదువుకు తమ వంతు సాయము చేయుచున్నారనియు, నీవు వృద్ధిలోనికి వచ్చి ఒకనాడు ఊరికి మేలు చేయుదువని వారి ఆశ యనియు ఆమె చెప్పినదట. తరువాతి కాలమున కేరే ఈ సంగతిని సభలో చెప్పినారు. వారములు చేసికొని చదువుకొన్న మన పెద్దల కథలు ఎరిగినవారికి ఇది క్రొత్తగా తోచదు. అట్టి చదువునకు ఋణ మొకటి ఉండును. దానిని ఎవరును కాగితము మీద వ్రాసికొనరు.

కేరే 1985లో వడ్రంగము నేర్చుటకై విద్యార్థివేతనముతో జర్మనీకి వెళ్ళినారు. పగలు పని నేర్చుకొనుచు, రాత్రి బడులలో చదివి, 1995లో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయమున వాస్తుశిల్ప శాఖలో ప్రవేశించినారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేండ్లు. పట్టము పుచ్చుకొనువరకు ఆగిన బాగుండునని ఆయన అనుకొనలేదు. 1998లో మిత్రులతో కలసి ఒక సంఘమును స్థాపించి విరాళములు కూర్చినారు. ఆ సంఘము పేరునకు 'గాండోకు బడి ఇటుకలు' అని అర్థము.

డబ్బు కూడిన తరువాత అసలు చిక్కు ఊరిలోనే ఎదురైనది. బడిని మట్టితో కట్టుదమని కేరే అనగా ఊరివారు ఆశ్చర్యపడినారు. జర్మనీలో చదివినవాడు కాంక్రీటు మేడ కట్టునని వారు ఎదురుచూచినారు. వారి అనుమానము తెలివితక్కువది కాదు. ప్రతి వానకాలమున మట్టి గోడలు కరగి కూలుట వారు కండ్లార చూచినదే. పదిమంది యొద్ద సేకరించిన సొమ్ముతో కట్టిన బడి మొదటి వానకే కూలినచో, ఆ ఊరు మరల ఎవరిని నమ్మును? చదువురాని వారికి కాగితము మీది పటములు చూపి ప్రయోజనము లేదు. అందువలన ఆయన మాదిరులు కట్టి, పరీక్షించి, కంటి యెదుట చూపించి వారిని ఒప్పించినారు.

ఇక నిర్మాణ విశేషములు. మొదటిది గోడ. ఊరి మట్టిలో కొద్దిపాలు సిమెంటు కలిపి, అచ్చులో గట్టిగా అదిమి ఇటుకలు చేసినారు. వానిని బట్టీలో కాల్చలేదు. కావున కట్టెల ఖర్చు లేదు. సిమెంటు కలియుట వలన ఇటుక నీటికి తొందరగా కరగదు. మందమైన మట్టి గోడ పగటి వేడిని మెల్లమెల్లగా పీల్చుకొనును గాని వెంటనే లోనికి వదలదు. మూడు తరగతి గదులను ఒకే వరుసలో కట్టి, గదికి గదికి నడుమ నీడగల ఖాళీ స్థలము విడిచినారు. పిల్లలు అక్కడ కూర్చుండి చదువుకొనవచ్చును, ఆడుకొనవచ్చును. గాలియు అటు నుండి ఇటు పోవును.

రెండవది కప్పు. ఇచ్చట రెండు కప్పులున్నవి. మొదటి కప్పు ఇటుకలతో పరచినది. దానిలో గాలి పోవుటకు సందులున్నవి. దానికి పైన, చాల ఎత్తున, ఇనుప కమ్ముల చట్రము మీద రేకుల కప్పు నిలిపినారు. ఎండను రేకు భరించును. రేకునకును ఇటుక కప్పునకును నడుమ గాలి ధారాళముగా వీచుట వలన ఆ సెగ గదిలోనికి దిగదు. వేడెక్కిన గాలి తేలికయై పైకి లేచుట ప్రకృతి ధర్మము. గదిలోని వేడిగాలి సందుల గుండ పైకి పోగా, దాని స్థానమున కిటికీల నుండి చల్లని గాలి లోనికి వచ్చును. పొగగొట్టము పనిచేయు సూత్రమే ఇది. విద్యుత్తు లేని ఊరిలో ఇట్లు పంకా లేకయే గాలి ఆడినది. రేకుల చూరు గోడలను దాటి వెలుపలికి చాచియుండుట వలన వానజల్లు మట్టి గోడను తాకదు. ఊరివారి భయమునకు సమాధానము ఆ చూరులో ఉన్నది.

మూడవది పనివారు. పెద్ద దూలములను దూరము నుండి తెచ్చుటకు, వానిని ఎత్తుటకు యంత్రములు అక్కడ లేవు. కావున చట్రమునకు అంతట దొరకు సన్నని ఇనుప కమ్ములనే ఎన్నుకొనినారు. చేతి రంపముతో కోయుట, చిన్న వెల్డింగు యంత్రముతో అతుకుట ఊరివారికి నేర్పినారు. ఇటుకలు చేయువారికి శిక్షణ నిచ్చుటకు ఆ దేశపు ప్రభుత్వ సంస్థ యొకటి తోడ్పడినది. పునాదికి పిల్లలు రాళ్ళు తెచ్చినారు. ఇటుకలకు స్త్రీలు నీళ్ళు మోసినారు. ఈ గాండో నిర్మాణములలో మట్టి నేలను స్త్రీలు గుంపుగా కూడి గంటల తరబడి కొట్టి, రాతితో నునుపు చేసిరి. అది వారి ఇండ్లలోని పాత పద్ధతియే. ఇట్లు పని నేర్చినవారికి తరువాత ఇతర చోట్ల కూలి దొరకినది. గోడ పగిలినచో బాగుచేయుటకు పట్టణము నుండి మేస్త్రీని పిలువవలసిన పనియు లేదు.

2001లో బడి పూర్తియైనది. 2004లో దానికి ఆగా ఖాన్ వాస్తుశిల్ప పురస్కారము లభించినది. కేరే విశ్వవిద్యాలయ పట్టము పుచ్చుకొన్నదియు ఆ యేడే. తరువాత ఉపాధ్యాయుల ఇండ్లు, 2008లో బడికి మరికొన్ని గదులు వచ్చినవి. 120 మందితో మొదలైన బడిలో పిల్లల సంఖ్య 700 వరకు పెరిగినది. వాస్తుశిల్పులకు లభించు అత్యున్నత గౌరవములలో ఒకటైన ప్రిట్జ్కర్ బహుమానమును కేరే 2022లో అందుకొనినారు. ఆఫ్రికా ఖండము నుండి దానిని పొందిన మొదటివారు ఆయనయే.

ఇంతమాత్రమున మట్టి అన్నిటికిని మందని చెప్పుట మా ఉద్దేశము కాదు. గాండో బడిలోను సిమెంటు, ఇనుము, రేకు ఉన్నవి. అవి లేక తీరని చోట మాత్రమే వానిని వాడినారు. ఆ బడి నమూనాను ఉన్నదున్నట్లు తెచ్చి మన ఊళ్ళలో నిలుపుటయు వివేకము కాదు. 1977 నవంబరు తుపానును చూచిన దివిసీమవారిని అడిగినచో, గోడలకు పైన అంత ఎత్తున లేపిన రేకుల కప్పు సముద్రపు గాలికి ఏమగునో చెప్పగలరు. రాయలసీమలోను తెలంగాణములోను మట్టి మిద్దెలు కట్టినవారు తమ ఎండకు, తమ వానకు తగిన వేరు ఉపాయములు కనిపెట్టుకొనినారు.

గ్రహింపవలసినది రూపము కాదు, ఆ విద్యార్థి మొదట వేసికొన్న ప్రశ్నలు. ఇచ్చటి ఎండ యెంత, వాన యెంత? కాలి క్రింద దొరకు వస్తువేది? కట్టు చేతులెవరివి? చెడినప్పుడు బాగుచేయువారెవరు? మన గ్రామములలో క్రొత్త బడికి కొలతలు వేయుటకు ముందు ఈ ప్రశ్నలను ఊరివారి నడుమ ఉంచుట మంచిది. గాండోలో నాణెములు ఇచ్చిన స్త్రీలే నీళ్ళు మోసి, నేల కొట్టి ఆ బడిని నిలిపినారు. నేడు వారి పిల్లలు చదువు కొరకు ఏడవ ఏట ఊరు విడువనక్కరలేదు.