దీర్ఘకాలిక మలబద్ధకం: ఆహారంతో అదుపు

అనంతపురం, చిత్తూరు, కర్నూలు ప్రాంతాల నుండి బెంగళూరుకు పని కోసం వచ్చిన కుటుంబాలలో భోజనం తరచుగా కొద్ది నెలలలోనే మారిపోతుంది. ఊరిలో తిన్న రాగి సంగటి, ఉలవలు, ఆకుకూరల స్థానంలో ఉదయం హోటలు ఇడ్లీ, మధ్యాహ్నం తెల్లన్నం, సాయంత్రం బేకరీ బన్ను, టీ చేరుతాయి. పనిచేసే చోట మరుగుదొడ్డి లేకపోవడం వలన చాలామంది స్త్రీలు నీళ్ళు తాగడమే తగ్గించుకుంటారు. షిఫ్టు పనివారు మలవిసర్జన వేళను వాయిదా వేస్తారు. ఈ మూడూ కలిసిన చోట మలబద్ధకం స్థిరపడుతుంది. సిగ్గు వలన ఎవరూ దానిని గురించి మాట్లాడరు. మందుల దుకాణంలో కొన్న విరేచన మాత్రలతోనే సంవత్సరాలు గడిపేవారున్నారు.

మలబద్ధకం అంటే ఏమిటి

ప్రతిరోజూ విరేచనం కాకపోతే రోగమేనన్న నమ్మకం సరికాదు. రోజుకు 3 సార్ల నుండి వారానికి 3 సార్ల వరకు మలవిసర్జన జరగడం ఆరోగ్యవంతులలో సాధారణమే. వారానికి 3 సార్ల కంటే తక్కువ కావడం, మలం గట్టి ఉండలుగా రావడం, తరచుగా ముక్కవలసి రావడం, పూర్తిగా కాలేదన్న భావన మిగలడం మలబద్ధక లక్షణాలు. ఇవి 3 నెలలకు పైగా కొనసాగితే దానిని దీర్ఘకాలిక మలబద్ధకంగా పరిగణిస్తారు.

జీర్ణమైన ఆహారంలో మిగిలిన పదార్థం పెద్దపేగులో సాగుతున్నంతసేపూ దానిలోని నీటిని పేగు పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ ప్రయాణం ఎంత ఆలస్యమైతే మలం అంతగా ఎండి గట్టిపడుతుంది. జీర్ణం కాని పీచు పదార్థం మలానికి పరిమాణాన్ని ఇస్తుంది. కొన్ని రకాల పీచు నీటిని తనలో పట్టి ఉంచి మలాన్ని మెత్తబరుస్తుంది. కనుక పీచు, నీరు జంటగా ఉన్నప్పుడే ఫలితం ఇస్తాయి.

ముందు పళ్ళెంలో మార్పు

పెద్దలు రోజుకు కనీసం 25 గ్రాముల పీచును సహజమైన ఆహారం నుండి పొందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. పాలిష్ పట్టిన బియ్యంలో 100 గ్రాములకు 3 గ్రాముల లోపే పీచు ఉంటుంది. రాగులు, జొన్నలు, సజ్జలలో అది సుమారు 10 నుండి 11 గ్రాములు. రోజుకు 300 గ్రాముల తెల్లబియ్యం వండుకునే వ్యక్తికి అన్నం ద్వారా లభించే పీచు 8 గ్రాములు మాత్రమే. అందులో 100 గ్రాముల బియ్యానికి బదులు జల్లించని రాగిపిండి వాడితే అది దాదాపు రెట్టింపై 17 గ్రాములకు చేరుతుంది. మిగిలిన లోటును పప్పు, కూరలు, పండ్లు పూరిస్తాయి.

ఈ మార్పుకు బెంగళూరు అనువైన నగరం. రాగి సంగటిని ఇక్కడ రాగి ముద్దె అంటారు. చిన్న హోటళ్ళలోనూ అది దొరుకుతుంది. ఆకుకూరను సొప్పు అనీ, ఉలవలను హురళి అనీ, జొన్నలను జోళ అనీ అడగాలి. ఉలవకట్టు మాత్రమే తాగి గింజలను పారవేస్తే పీచు పోతుంది. ఉడికిన గింజలను గుగ్గిళ్ళుగానైనా తినడం మేలు. చలికాలంలో అంగళ్ళను నింపే అవరెకాళు రాయలసీమవారి అనపగింజలే. వాటి పైతోలు తీసి వండే పితికిపప్పు రుచికరమైనదే గాని, పీచులో ఎక్కువ భాగం ఆ తోలులోనే ఉంటుంది. మలబద్ధకం ఉన్నవారు తోలుతోనే వండుకోవడం మంచిది. పండ్లలో జామ, బొప్పాయి, నానబెట్టిన ఎండుద్రాక్ష ఉపకరిస్తాయి. మధుమేహం ఉన్నవారు ఎండుపండ్లను మితంగా తీసుకోవాలి.

పీచును ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం, వాయువు బాధిస్తాయి. మొదటి వారం ఒక పూట, తరువాతి వారం రెండు పూటలుగా నెమ్మదిగా పెంచుకోవాలి.

గింజలు: ఏది, ఎంత, ఎలా

గింజలు భోజనానికి తోడు మాత్రమే. ఒక పెద్ద చెంచా అవిసె గింజలలో ఉండే పీచు 3 గ్రాముల లోపు. అవి తిని మూడు పూటలా తెల్లన్నమే తింటే ఆశించిన ఫలితం రాదు.

అవిసె గింజలు: కన్నడంలో అగసె బీజ. నమలకుండా మింగితే గింజ చాలావరకు అలాగే బయటికి పోతుంది. కనుక దోరగా వేయించి పొడి చేసుకోవాలి. పచ్చి గింజలను ఎక్కువ మోతాదులో తినరాదు. రోజుకు ఒక పెద్ద చెంచా పొడితో మొదలుపెట్టి, అవసరమైతే రెండుకు పెంచవచ్చు. అన్నంలో గాని, మజ్జిగలో గాని, రొట్టెపిండిలో గాని కలుపుకోవచ్చు. పొడి త్వరగా చెడుతుంది. వారానికి సరిపడా మాత్రమే చేసి మూత బిగించిన డబ్బాలో ఉంచాలి.

సబ్జా గింజలు: కన్నడంలో కామకస్తూరి బీజ. ఒక చిన్న చెంచా గింజలను గ్లాసు నీటిలో నానబెట్టి, చుట్టూ జిగురు పొర పూర్తిగా ఏర్పడిన తరువాతే తాగాలి.

చియా గింజలు: మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన ఈ గింజలు ఇప్పుడు మైసూరు పరిసరాలలోనూ పండుతున్నాయి. ఇవి సబ్జా వంటివే గాని అదే మొక్కవి కావు. 100 గ్రాములలో సుమారు 34 గ్రాముల పీచు ఉంటుంది. పొడిగా నోట్లో వేసుకుని పైన నీళ్ళు తాగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదం ఉంది, తప్పక నానబెట్టాలి. ధర ఎక్కువ కనుక, కొనలేనివారు అవిసెలతో, సబ్జాతో సరిపెట్టుకుంటే లోటేమీ లేదు.

ఇసబ్‌గోల్: ఇది ఒక మొక్క గింజల పైపొట్టు. ఒక చిన్న చెంచాను నిండు గ్లాసు నీటిలో కలిపి, చిక్కబడకముందే తాగి, వెంటనే మరికొన్ని నీళ్ళు తాగాలి. ఫలితం 12 గంటల నుండి 3 రోజులలో కనబడుతుంది. నీళ్ళు చాలకపోతే ఇదే మలాన్ని మరింత గట్టిపరచవచ్చు.

ఇతర మందులకు, ఈ గింజలకు మధ్య కనీసం 2 గంటల వ్యవధి ఉండాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారు, పేగులకు శస్త్రచికిత్స జరిగినవారు, గర్భిణులు, గుండె లేదా మూత్రపిండాల జబ్బు వలన నీళ్ళు తగ్గించవలసినవారు వైద్యుని అడిగిన తరువాతే వీటిని వాడాలి.

ఆముదపు గింజలను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తినరాదు, అవి విషం. గానుగ నూనె వేరు, గింజ వేరు. విరేచనానికి ఆముదం తాగించడం పాత అలవాటే అయినా, దానిని గర్భిణులకు ఇవ్వకూడదు. మాటిమాటికీ వాడడం ఎవరికీ మంచిది కాదు.

నీరు, వేళ, కూర్చునే తీరు

మూత్రం లేత పసుపు రంగులో ఉండేంతగా నీళ్ళు తాగడం మంచి కొలమానం. ఎండలో పనిచేసేవారికి మరింత అవసరం. పనిచోట మరుగుదొడ్డిని మేస్త్రీని, కాంట్రాక్టరును అడగడం సిగ్గుపడవలసిన విషయం కాదు. అది ఆరోగ్యానికి మొదటి అవసరం.

ఆహారం కడుపులో పడగానే పెద్దపేగులో కదలిక పెరుగుతుంది. అందువలన ఉదయం ఫలహారం తరువాత 10 నిమిషాలు కేటాయించడం, అవసరం కలిగినప్పుడు ఆపుకోకపోవడం మేలు. కుర్చీ వంటి కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే మోకాళ్ళు నడుము కంటే ఎత్తుకు వచ్చి, ముక్కవలసిన శ్రమ తగ్గుతుంది. రోజూ అరగంట నడక కూడా సహాయపడుతుంది.

వైద్యుని ఎప్పుడు చూడాలి

ఐరన్ మాత్రలు, కొన్ని నొప్పి మందులు మలబద్ధకాన్ని కలిగిస్తాయి. థైరాయిడ్ లోపం, మధుమేహం కూడా కారణం కావచ్చు. ఐరన్ మాత్రలను గర్భిణులు తమంతట తాము మానరాదు. ఇబ్బందిని వైద్యునికి చెప్పాలి. నాలుగు వారాలు ఆహారం సరిచేసుకున్నా మార్పు లేకపోతే పరీక్ష అవసరం. కొందరికి పీచు పెంచినకొద్దీ ఇబ్బందీ పెరుగుతుంది. వారి చికిత్స వేరు.

మలంలో రక్తం, కారణం తెలియని బరువు తగ్గుదల, రక్తహీనత, 50 ఏళ్ళ తరువాత కొత్తగా మొదలైన మలబద్ధకం, కుటుంబంలో పెద్దపేగు క్యాన్సరు ఉండడం ప్రమాద సూచనలు. రక్తం కనబడగానే మొలలేనని తేల్చుకుని గోడమీది ప్రకటన చూసి వైద్యానికి వెళ్ళడం వలన విలువైన కాలం పోతుంది. క్యాన్సరు తొలిదశలో బయటపడితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. కడుపు ఉబ్బి, వాయువు కూడా పోక, వాంతులవుతుంటే అదే గంటలో ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అప్పుడు గింజలు గాని, ఆముదం గాని, విరేచన మాత్రలు గాని ఇవ్వరాదు.

నగరంలోని నమ్మ క్లినిక్‌లలో వైద్యుని సంప్రదింపు ఉచితం. భాష అడ్డంకిగా తోచేవారికి రెండు మాటలు చాలు: మలబద్ధకాన్ని కన్నడంలో ‘మలబద్ధతె’ అంటారు, మలంలో రక్తం పోతున్నదని చెప్పడానికి ‘మలదల్లి రక్త హోగుత్తిదె’ అనాలి.