తలంటు – నీరు – నురుగు

భోగినాటి తెల్లవారుజామున కృష్ణా డెల్టాలోని ఇండ్లలో తరతరములుగా కనబడుచు వచ్చిన దృశ్య మొకటి కలదు. పెరటిలో పొయ్యిమీద కాగులో నీళ్లు మరుగుచుండును. కొట్టి గింజలు తీసిన కుంకుడుకాయలను వేడినీళ్లలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగట్టుదురు. పిల్లల తలలకు నువ్వులనూనె మర్దించి, పీటపై కూర్చుండబెట్టి, ఆ రసముతో రుద్దుదురు. రసము కంటిలో పడిన పిల్లవాడు కేకలు వేయును. నేడు ఆ దృశ్యము చాలవరకు పండుగలకే పరిమితమైనది. మిగిలిన దినములలో విజయవాడ నగరమందేమి, పల్లెలయందేమి, షాంపూ పొట్లమే కుంకుడు స్థానమును ఆక్రమించినది.

సాధనము మారినను ఫిర్యాదు మాత్రము మారలేదు. తల రుద్దుకొన్నను జిడ్డు పోలేదనియు, దువ్వెనకు తెల్లని పొడి అంటుచున్నదనియు, తల దురద పెట్టుచున్నదనియు తరచుగా వినుచుందుము. దీని కంతటికి ‘చుండ్రు’ అని ఒకే పేరు పెట్టి, ‘తల ఎండిపోయినది’ అని నూనె మరింత పట్టించుట అనేక కుటుంబములలో అలవాటు. కాని ఆ తెల్లని పొడికి కనీసము మూడు వేర్వేరు కారణము లుండవచ్చును. ఒకదానికి పనికివచ్చు ఉపాయము మరొకదానిని పెంచును. కావున మొదట తలచర్మము ఎట్టిదో, దానిపై ఏమి పేరుకొనుచున్నదో తెలిసికొనుట అవసరము.

తలచర్మము

మనుష్యుని తలపై సుమారు లక్ష వెంట్రుకలుండును. ప్రతి వెంట్రుక ఒక రోమకూపము నుండి మొలచును. ఆ కూపము ప్రక్కనే తైలగ్రంథులు ఉండి, సెబమ్ అను జిడ్డుపదార్థమును స్రవించును. ఈ జిడ్డు వెంట్రుకకు మెరుపును, చర్మమునకు రక్షణను ఇచ్చును. బాహ్యచర్మపు కణములు అడుగున పుట్టి, క్రమముగా పైకి జరుగుచు, చివరకు నిర్జీవమైన సన్నని పొలుసులై రాలిపోవును. ఈ ప్రయాణమునకు సుమారు నాలుగు వారములు పట్టును. ఆరోగ్యవంతుని తలనుండి రాలు పొలుసులు కంటికి ఆననంత చిన్నవి.

జిడ్డు, పొలుసులు, చెమట, రోడ్డు దుమ్ము – ఇవి నాలుగును ప్రకృతి సిద్ధముగా చేరునవి. విజయవాడ వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరుటయు, తీరపు గాలిలోని తేమ చేత చెమట ఆరకుండుటయు వీనికి తోడగును. వీనికి మనము పూయు నూనెయు, సబ్బుయొక్క శేషమును, షాంపూలోని పూతపదార్థములును కలిసినప్పుడు తలపై మడ్డివంటి పొర ఏర్పడును.

సబ్బు ఎట్లు పనిచేయును? ఎందుకు విఫలమగును?

సబ్బు అణువునకు రెండు కొనలు కలవు. ఒక కొన నీటిని కోరును. రెండవ కొన నూనెను కోరును. తలను రుద్దునప్పుడు నూనెను కోరు కొనలు జిడ్డులో గుచ్చుకొని, దానిని చిన్న చిన్న బిందువులుగా విడదీయును. నీటిని కోరు కొనలు వెలుపలివైపుగా ఉండుటచే, ఆ బిందువులు నీటితో కలిసి కొట్టుకొనిపోవును.

ఈ ఏర్పాటును చెరచునది నీటి కఠినత్వము. భూమి పొరలలో నిలిచిన నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణములు కరగియుండును. సబ్బు ఆ నీటిలో పడినంతనే సోడియం స్థానములో కాల్షియం చేరి, నీటిలో కరగని కాల్షియం సబ్బు ఏర్పడును. బకెట్టు అంచున తెల్లగా, జిగటగా అంటుకొను తెట్టె ఇదియే.

దీని పరిమాణమును చిన్న లెక్కతో గ్రహింపవచ్చును. భారత ప్రమాణముల సంస్థ త్రాగునీటి కఠినత్వమునకు లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన హద్దుగాను, వేరు నీరు దొరకనిచోట 600 మిల్లీగ్రాములను గరిష్ఠ హద్దుగాను నిర్ణయించినది. ఇది కాల్షియం కార్బొనేట్ రూపములో చెప్పు లెక్క. 600 మిల్లీగ్రాముల కఠినత్వముగల ఒక లీటరు నీటిలోని కాల్షియమును పూర్తిగా అవక్షేపింపజేయుటకు దాదాపు 3.7 గ్రాముల సోడియం స్టియరేట్ ఖర్చగును. 20 లీటర్ల బకెట్టునకు 73 గ్రాములకు పైగా కావలెను. అనగా ఒక చిన్న సబ్బుబిళ్ల అంతయు మురికిని తాకకముందే తెట్టెగా మారిపోవునన్నమాట!

తలంటులో బకెట్టు నీరంతయు ఒక్కసారిగా సబ్బుతో కలియదు. అయినను చిక్కు తప్పదు. వెంట్రుకలలో మిగిలిన సబ్బునురుగుమీద చెంబుతో కొత్త నీరు పోయునప్పుడెల్ల, కొత్త కాల్షియం వచ్చి చేరును. కాబట్టి తెట్టె బకెట్టులో కాక, సరిగా వెంట్రుకల మొదళ్లలోనే ఏర్పడును. ఆరిన తరువాత అదియే తెల్లని పొడిగా రాలును. చూచినవారు దానిని చుండ్రు అందురు.

డెల్టాలో రెండు రకముల నీరు

ఈ విషయమును పరిశీలించుటకు కృష్ణా డెల్టా చక్కని ప్రయోగశాల వంటిది. 1855 నాటికి విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైనది. దాని స్థానములో 1957లో ప్రకాశం బ్యారేజి నిర్మాణము ముగిసినది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ విజయవాడనుండియే బయలుదేరి డెల్టాకు నది నీటిని కొనిపోవుచున్నవి. కాలువలు కట్టివేయుటకు ముందుగా ఊరి మంచినీటి చెరువులను నింపుకొనుట పల్లెలలో పరిపాటి.

దీనికి భిన్నమైనది భూగర్భజలము. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వంటి సముద్రతీర ప్రాంతములలో పెక్కుచోట్ల బావులలోను, బోర్లలోను ఊరు నీరు ఉప్పన. ఆ నీటిలో కాల్షియం, మెగ్నీషియంలతోపాటు సాధారణమైన ఉప్పు కూడ ఉండును. ఉప్పు అధికమైనచో సబ్బు కరగక విడిపోవును. కావుననే ఒకే మనిషి, ఒకే సబ్బుతో, పుట్టింటి చెరువునీటిలో తల రుద్దుకొన్నప్పుడు వెంట్రుకలు పట్టువలె ఉండుటయు, అత్తవారింటి బోరునీటిలో రుద్దుకొన్నప్పుడు జిగటగా ముద్దకట్టుటయు జరుగును. లోపము మనిషిలో లేదు, సబ్బులోను లేదు, నీటిలో కలదు.

కాగు అడుగున కట్టు తెల్లని గార కూడ ఈ కథలోనిదే. కఠినత్వములో బైకార్బొనేట్ రూపములో ఉన్న భాగము నీరు మరిగినప్పుడు కార్బొనేటుగా మారి అడుగునకు దిగును. కాగి తేరిన నీరు కొంతవరకు మెత్తబడును. క్లోరైడు, సల్ఫేటు రూపములలోని కఠినత్వము మాత్రము మరిగించుటచే పోదు.

కుంకుడు బలము, బలహీనత

కుంకుడుచెట్టు శాస్త్రనామము సాపిండస్ ఎమార్జినేటస్. మొదటి మాటకు లాటిన్ భాషలో భారతదేశపు సబ్బు అని అర్థము. దాని పండు తొక్కులో సపోనిన్లు అను పదార్థములున్నవి. ఇవియు సబ్బువలెనే రెండు కొనలు గలవి. అయితే నీటిని కోరు కొన చక్కెరలతో నిర్మితమైనది. కాల్షియం పట్టుకొనుటకు వీలైన సోడియం లవణము అందులో లేదు. కావున సబ్బు తెట్టెకట్టు నీటిలో కూడ కుంకుడు తెట్టెకట్టదు. మరియు కుంకుడురసము కొద్దిగా ఆమ్లగుణము కలది. తలచర్మము పైపొర కూడ అట్టిదే. సబ్బు ద్రావణము క్షారగుణము కలది.

అంతమాత్రమున కుంకుడు నిర్దోషి యని చెప్పరాదు. చిక్కని రసము చర్మములోని జిడ్డును అవసరమునకు మించి లాగివేయును. కంటిలో పడినచో తీవ్రమైన మంట కలుగును. సరిగా వడగట్టని పిప్పి వెంట్రుకలలో చిక్కుకొని, అదియే పొడియై రాలును. సహజమైన వస్తువనుటకును హాని చేయని వస్తువనుటకును భేదమున్నది.

షాంపూ పొట్లము

షాంపూ అను మాట ఆంగ్లమునకు మన దేశమునుండియే పోయినది. పిసుకుట, మర్దించుట అను అర్థమిచ్చు హిందీ ‘చాంపో’ దీనికి మూలము. పాట్నా ప్రాంతమువాడైన షేక్ దీన్ మహమ్మద్ 19వ శతాబ్ది తొలి పాదములో ఇంగ్లండులోని బ్రైటన్ నగరమున మర్దన స్నానశాల నడపి ఈ మాటకు ప్రచారము తెచ్చెను. కృత్రిమమైన శోధకములతో చేసిన షాంపూలు 1930ల దశకములో అమెరికాలో వెలువడినవి. చిన్న పొట్లములలో షాంపూ అమ్ము పద్ధతి 1980ల దశకములో తమిళనాడులోని కడలూరు వ్యాపారుల ద్వారా దక్షిణదేశమున వ్యాపించి, తక్కువ ఆదాయముగల వారికి కూడ దానిని అందుబాటులోనికి తెచ్చినది.

షాంపూలోని సోడియం లారిల్ సల్ఫేట్, సోడియం లారెత్ సల్ఫేట్ వంటి శోధకములు కఠినజలములో సబ్బువలె తెట్టెకట్టవు. మరి షాంపూ వాడువారికి తల ఎందుకు మడ్డికట్టును? దానిలోనే కలిపిన పూతపదార్థములే ఇందుకు కారణము. తడిసిన వెంట్రుక ఉపరితలమున ఋణ విద్యుదావేశము ఉండును. కండిషనర్లలోని ధనావేశముగల పదార్థములు దానికి అంటుకొనును. సిలికోన్ నూనెలు సన్నని పొరగా పరచుకొనును. వెంట్రుకకు ఇవి మేలుచేయును, చిక్కు తగ్గించును. కాని వీనిని తలచర్మముపై రుద్ది, తొందరగా రెండు చెంబులు పోసికొని లేచినచో, పొరపై పొర చేరును.

మంట, దురద: రెండు మార్గములు

షాంపూలు, రంగులు చర్మమును రెండు విధములుగా బాధించును. మొదటిది నేరుగా కలుగు ప్రకోపము. గాఢమైన శోధకము చర్మపు రక్షణపొరను కరగించును. తగిన మోతాదులో ఇది ఎవరికైనను కలుగవచ్చును. గోళ్లతో గీకినచో త్వరగా కలుగును.

రెండవది ఎలర్జీ. ఇది కొందరికే కలుగును; కాని ఒకసారి ఏర్పడినచో తరువాత స్వల్పమాత్రము తగిలినను తిరుగబెట్టును. పరిమళద్రవ్యములు, నిలువచేయుటకు కలుపు మిథైల్ ఐసోథయాజోలినోన్ వంటి పదార్థములు దీనికి కారకములు. ఈ పదార్థమును కడిగివేయక చర్మముపై ఉంచుకొను సౌందర్యద్రవ్యములలో వాడరాదని ఐరోపా సమాజము 2017లో నిషేధము అమలుపరచినది.

అన్నిటికంటె జాగ్రత్త వహింపవలసినది జుట్టురంగు విషయమున. నల్లరంగులలో విస్తారముగా వాడు పారాఫినైలీన్ డయమైన్ వలన కొందరికి నుదురు, చెవులు, కనురెప్పలు ఉబ్బి నీరుకారును. ఇట్టి రంగు పెట్టెపై హెచ్చరికను, ముందుగా పరీక్షించు విధమును ఆంగ్లమునను, స్థానికభాషయందును ముద్రింపవలెనని మన దేశపు నిబంధనలు శాసించుచున్నవి. చెవి వెనుకగాని, ముంజేతి లోపలిభాగమునగాని కొద్దిగా పూసి 24 గంటలు వేచి చూడవలెను. ఎలర్జీ రెండు మూడు దినములకు బయటపడుటయు కలదు గావున మరి కొంత ఆగుట మేలు. గోరింటాకు సహజముగా ఎరుపునే ఇచ్చును. ‘నల్ల గోరింట’ అని అమ్ముదానిలో ఈ రసాయనము కలిసియుండు అవకాశమున్నది.

నిజమైన చుండ్రు

ఇక అసలు చుండ్రు మురికి వలన కలుగునది కాదు. మలసీజియా అను ఈస్టుజాతి శిలీంధ్రము ప్రతివాని తలపైనను నివసించును. 1874లో దీనిని వర్ణించిన ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ షార్ల్ మలసే పేరు దానికి నిలిచినది. ఈ జీవి కొవ్వు ఆమ్లములను స్వయముగా తయారుచేసికొనలేదు. 2007లో వెలువడిన దీని జన్యుపటము ఆ లోపమును స్పష్టపరచినది. కాబట్టి అది సెబమ్‌లోని కొవ్వును విడగొట్టి, తనకు కావలసినవి గ్రహించి, ఓలిక్ ఆమ్లము వంటివానిని చర్మముపై విడిచిపెట్టును. ఈ ఆమ్లము కొందరి చర్మమునకు సరిపడదు. అట్టివారి కణములు నాలుగు వారముల గడువుకు ముందే తొందరగా పైకి వచ్చి, గుంపులుగా రాలును.

ఇక్కడనే నూనె ప్రశ్న వచ్చును. కొబ్బరినూనె వెంట్రుకలోనికి చొచ్చి, దాని ప్రోటీను నష్టమును తగ్గించునని 2003లో ప్రకటింపబడిన భారతీయ పరిశోధన చూపినది. వెంట్రుకకు అది మేలే. కాని చుండ్రు ఉన్న తలచర్మముపై నూనెను రోజుల తరబడి నిలువయుంచుట ఆ శిలీంధ్రమునకు ఆహారము పెట్టుటయే యగును.

గుర్తించుట, సరిచేయుట

గోటితో గీరినప్పుడు బూడిదరంగు మైనమువలె వచ్చి, ఒక మంచి తలంటుతో పోయినచో అది మడ్డి. పసుపుపచ్చని జిడ్డు పొలుసులు దురదతో కూడి, కడిగిన రెండు మూడు దినములకే తిరిగివచ్చినచో అది చుండ్రు. కొత్త వస్తువు వాడిన తరువాత ఎరుపు, మంట, చెవుల వెనుక, మెడపై పొక్కులు కనిపించినచో అది ప్రకోపము లేక ఎలర్జీ.

మడ్డికి ఔషధము అక్కరలేదు. మెత్తని నీరు వాడవలెను. వాననీరు పట్టి ఉంచుకొన్నచో అన్నిటికంటె శ్రేష్ఠము. షాంపూను చేతిలో నీటితో పలుచజేసి, వ్రేళ్ల కొనలతో రుద్ది, రుద్దిన సమయమునకు రెట్టింపుసేపు కడుగవలెను. కండిషనరును వెంట్రుకల చివరలకే పూయవలెను. చుండ్రునకు కీటోకొనజోల్, సెలీనియం సల్ఫైడ్ వంటి మందుగల షాంపూను నాలుగైదు నిమిషములు తలపై ఉంచి కడిగివేయవలెను. ఎలర్జీ అయినచో మొదటి చికిత్స ఆ వస్తువును మానుటయే. పిల్లల తలపై వెంట్రుకలు ఊడి గుండ్రని మచ్చలు ఏర్పడినను, వెండిరంగు దళసరి పొరలు కట్టినను, చీము కారినను వైద్యునికి చూపవలెను. తామర సోకిన బిడ్డకు నూనెలు రాచుచు నెలలు గడిపినచో, ఆ చోట వెంట్రుకలు శాశ్వతముగా పోవచ్చును. వెంట్రుకకు గట్టిగా అంటుకొని దులిపినను రాలని తెల్లని గింజలు చుండ్రు కాదు, పేల ఈపులు.

తరగతిలో ఒక ప్రయోగము

ఈ విషయమును ఉన్నత పాఠశాలలో ఖర్చులేకుండ చూపవచ్చును. మూడు సీసాలలో వాననీరు, కాలువనీరు, బోరునీరు ఒక్కొక్కటి 50 మిల్లీలీటర్లు పోయవలెను. సబ్బు ద్రావణమును చుక్కచుక్కగా వేయుచు, మూతపెట్టి కుదుపుచు, నురుగు ఒక నిమిషము నిలుచుటకు ఎన్ని చుక్కలు పట్టెనో వ్రాసికొనవలెను. బోరునీటిని మరగించి చల్లార్చి మరల పరీక్షింపవలెను. తరువాత సబ్బునకు బదులు వడగట్టిన కుంకుడురసము వాడవలెను. చివరగా బోరునీటిలో ఏర్పడిన తెట్టెపై నిమ్మరసము పిండి చూడవలెను. ఆమ్లము కాల్షియం సబ్బును విరిచి కొవ్వు ఆమ్లమును విడిపించును. అందుచేత నిమ్మరసముతో తెట్టె విరిగినను జిడ్డు మిగులును. దానిని మరల కడుగవలసియుండును. పుండుపడిన తలపై నిమ్మరసము రుద్దుట మాత్రము మంచిది కాదు.

విద్యార్థులు తమ తమ ఊళ్ల నీటిని తెచ్చి ఈ చుక్కల లెక్కను ఒక పట్టికగా వ్రాసినచో, తీరపు ఊళ్లకును కాలువ ఊళ్లకును గల భేదము వారికే కనబడును. ఆ పట్టికను ఇంటికి కొనిపోయి చూపిన బాలిక, తన తల్లి నూనెగిన్నె అందుకొనుటకు ముందు ఒక ప్రశ్న వేయగలదు: ఇది చుండ్రా, లేక మన బోరునీరా?