ల్యాప్‌టాప్ పోయింది, సాఫ్ట్‌వేర్ సంగతేంటి?

మదర్‌బోర్డు కాలిపోయి ల్యాప్‌టాప్ మూలపడగానే చాలామంది పాత విండోస్, ఆఫీస్‌లను కొత్తదాంట్లోకి ఎలా తేవాలా అని వెతుకుతారు. ఆ హడావిడిలో, నిజంగా కాపాడుకోవాల్సిన ఫైళ్లను పట్టించుకోరు. నా బాధంతా అదే.

అపోహ: ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్‌ను ఎందులోనైనా వేసుకోవచ్చు.

వాస్తవం: తయారీ కంపెనీ ముందే వేసి ఇచ్చేది ఓఈఎం లైసెన్సు. అది ఆ యంత్రానికే పరిమితం. విండోస్ 7 రోజుల్లో కీ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉండేది. 2012లో విండోస్ 8 వచ్చాక అది మదర్‌బోర్డు మీది బయాస్ చిప్‌లోకి చేరింది. విడిగా కొన్న రిటైల్ లైసెన్సునైతే పాతదాంట్లో తీసేసి కొత్తదాంట్లో వాడుకోవచ్చు. పాడైన మదర్‌బోర్డును వారంటీలో కంపెనీయే మార్చితే పాత లైసెన్సే చెల్లుతుంది.

అపోహ: ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ కాపీ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. రిజిస్ట్రీ నమోదులు, సర్వీసులు, ఇతర చోట్ల ఉండే ఫైళ్లు వెంట రావు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

అపోహ: ఆఫీస్ నా ఈమెయిల్ ఖాతాలో ఉంది, కాబట్టి ఎక్కడికైనా వస్తుంది.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ 365 చందా అయితే వస్తుంది. అది ఖాతాకు చెందినది, ఒకేసారి 5 పరికరాల్లో సైన్ ఇన్ కావచ్చు. ల్యాప్‌టాప్‌తో ఇచ్చిన ‘హోమ్ అండ్ స్టూడెంట్’ ఆఫీస్ మీ ఖాతాలో కనిపించినా, హక్కు మాత్రం ఆ యంత్రం వరకే. మళ్లీ కొనే స్థోమత లేని విద్యార్థులకు లిబ్రేఆఫీస్ ఉచితం; దాని మెనూలు తెలుగులోనూ ఉన్నాయి.

అపోహ: ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ఫైళ్లూ పోయినట్టే.

వాస్తవం: మదర్‌బోర్డు పోయినా డ్రైవ్ బాగానే ఉండొచ్చు. దాన్ని బయటికి తీసి, సరిపోయే యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌కు కలిపితే పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, టాక్స్ కాగితాలు చేతికొస్తాయి. కొన్ని పలుచని మోడళ్లలో మాత్రం స్టోరేజీ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి, అక్కడ పని కష్టం. ఇంకో అడ్డంకి బిట్‌లాకర్ అనే విండోస్ ఎన్‌క్రిప్షన్. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ కాగానే డ్రైవ్‌కు తాళం పడుతుంది. అది తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. అలా పడిన తాళానికి కీ సాధారణంగా ఆ ఖాతాలోనే భద్రంగా ఉంటుంది. ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. రిపేరు షాపులో ఇచ్చే ముందే కీ రాసిపెట్టుకోండి, డ్రైవ్ ఫార్మాట్ చేయొద్దని రసీదు మీద రాయించుకోండి.